ఒల్వెన్ : ఒక వెల్షు నామము - పుట్టుక, ప్రచారము

ఒక పేరు ప్రాచీనమన్నంతమాత్రమున, అది ప్రాచీనకాలమునుండి ఎడతెగక వాడుకలో నున్నదని చెప్పినట్లు కాదు. నామవిచారము చేయువారు ఈ రెంటిని తఱచుగా కలగలుపుచుందురు. వేల్సు దేశపు స్త్రీనామమైన 'ఒల్వెన్' ఈ భేదమును చక్కగా చూపునని మా అభిప్రాయము.

ఈ పదమున రెండు భాగములు కలవు. 'ఓల్' అనగా అడుగుజాడ. 'గ్వెన్' అనగా తెల్లనిది. ఇది 'గ్విన్' అను విశేషణమునకు స్త్రీలింగరూపము. సమాసమున ఉత్తరపదాదియందలి గకారము లోపించి 'ఒల్వెన్' అయినది. వెల్షున నిట్టి ఆదివర్ణవికారములు పెక్కు. కకారము గకారమగును, తకారము దకారమగును. 'కూరగాయ', 'తల్లిదండ్రులు' అను రూపములందలి గసడదవాదేశమును చదివిన మన విద్యార్థులకు ఇది వింతగా తోపదు. ఇంతమాత్రమున రెండు భాషలకును చుట్టఱికము కలుపబూనుట మాత్రము తగదు.

'కిల్హుఖ్ - ఒల్వెన్' కథ ఈ నామమునకు ఆకరము. క్రీ.శ. 1100 ప్రాంతమున నిది రూపొందినదని పలువురు పండితుల మతము. 1350 ప్రాంతపు 'తెల్ల పుస్తకము'న కొంతభాగమును, 1400 ప్రాంతపు 'హెర్గెస్ట్ ఎఱ్ఱ పుస్తకము'న సమగ్రముగను లభించుచున్నది. ఒల్వెన్ రాక్షసనాయకుని కూతురు. ఆమె అడుగిడిన చోటనెల్ల మూడాకుల మొక్కల తెల్లని పూలు నాలుగేసి మొలచెడివట. అందుచేతనే ఆ పేరని కథకుడే చెప్పినాడు.

వ్రాతప్రతులలో నిలిచిన ఈ పేరును శిశువులకు విరివిగా పెట్టుట పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునగాని కానరాదు. అందులకు ప్రధానకారణమొక అనువాదము. డౌలైస్ ఇనుప కర్మాగారపు యజమాని భార్యయైన లేడీ షార్లట్ గెస్ట్ ఆంగ్లవనిత. ఆమె వెల్షు నేర్చి, ఈ కథలను 'మబినోగియన్' అను పేర 1838 మొదలు భాగములుగా ప్రకటించి, 1849లో మూడు సంపుటములుగా వెలువరించినది. అంతకు రెండేండ్ల ముందు, 1847లో, ప్రభుత్వ విద్యావిచారణ నివేదికలు వెల్షుభాషను, ప్రజల శీలమును కించపఱచి దేశమంతట ఆగ్రహము రేపియుండెను. ఇంటిపేర్లు కొలదియై, జాన్, మేరీ వంటి పేర్లే ఊరూర వినబడుచున్న ఆ దేశమున, తమ భాషలోని నామములకై వెదకు తలిదండ్రులకు ఈ గ్రంథము నిధివలె దొరకినది.

అయిన గ్రంథమొక్కటే చాలునా? చాలదు. అదే కథానాయకుని పేరు 'కిల్హుఖ్' శిశునామముగా వ్యాపింపలేదు. 'హుఖ్' అనగా పంది. పందులు తిరుగుచోట దొరకుటచే బాలున కాపేరు వచ్చెనని కథ. ఏ తల్లి ముచ్చటపడి పెట్టుకొనును?

అవే సంపుటములలోని 'ఎనిడ్' గతి వేఱు. 1859లో టెన్నిసన్ ఆమెను తన కావ్యమున నాయికను చేయగా, ఆ పేరు వేల్సు ఎల్లలు దాటి ఇంగ్లండున పాకినది. మన పిల్లలెఱిగిన రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ 1897లో లండను నగరమున పుట్టినది. ఒల్వెన్‌కు అంతటి ఆంగ్లకవి దొరకలేదు. కావున నది ప్రధానముగా వేల్సునందే ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున బాగుగా చెల్లి, పిదప సన్నగిలినది. నేడది ఉయ్యాలలోని బిడ్డలకంటె వృద్ధురాండ్రకే ఎక్కువగా వినబడుచున్నది.