లక్ష నుంచి కోటికి

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో లాక్‌డౌన్ ప్రకటించిన సంగతి అందరికీ గుర్తే. అదే రోజు మధ్యాహ్నం ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చేసిన ప్రకటనలు మాత్రం ఆ రాత్రి వార్తల్లో కొట్టుకుపోయాయి. జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నుల గడువులు పెంచుతున్నామని చెబుతూ ఆమె దివాలా చట్టం గురించీ ఒక మాట చెప్పారు. అప్పటిదాకా లక్ష రూపాయలు బాకీపడ్డ కంపెనీని కూడా జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ మెట్లెక్కించే వీలుండేది. ఇకపై బాకీ కనీసం కోటి ఉండాలన్నారు. ఈ పరిమితిని ప్రభుత్వం కోటి దాకా పెంచుకోవచ్చని చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. పదికీ పాతికకూ ఆగకుండా నేరుగా ఆ గరిష్ఠానికే వెళ్లారు.

ఉద్దేశం మంచిదే. షట్టరు దించుకుని కూర్చున్న చిన్న కంపెనీని అప్పులవాళ్లు దివాలా కోర్టుకు ఈడ్వకూడదన్నదే ఆలోచన. జూన్ 5న ఆర్డినెన్స్ తెచ్చి, మార్చి 25 నుంచి జరిగిన ఎగవేతలపై కొత్త కేసులే వద్దన్నారు. ఆ రక్షణ 2021 మార్చి 24తో ముగిసింది. కోటి పరిమితి మాత్రం అలాగే నిలిచిపోయింది.

2020లో ఇచ్చిన ఊరటలన్నీ దాదాపు అప్పు చుట్టూనే తిరిగాయి. రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వాయిదాలకు మారటోరియం ఇచ్చింది. వడ్డీ మీద వడ్డీ పడుతోందని రుణగ్రహీతలు సుప్రీంకోర్టుకు వెళ్లాక, రెండు కోట్ల లోపు రుణాలపై ఆ భారాన్ని కేంద్రం భరించింది. ఆ పరిమితి కూడా కుదరదని, ఎవరి దగ్గరా చక్రవడ్డీ తీసుకోవద్దని 2021 మార్చిలో కోర్టు తేల్చింది. 2020 మే 13న ప్రకటించిన 3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం కింద, పాత బాకీలో 20 శాతం దాకా కొత్త అప్పు తనఖా లేకుండా దొరికింది. పూర్తి హామీ కేంద్రానిదే. ఎన్నో యూనిట్లు ఆ డబ్బుతోనే నిలబడ్డాయి. అయినా అది తిరిగి కట్టాల్సిన అప్పే.

చిన్న పరిశ్రమకు అప్పుకన్నా ముందు కావలసింది రావలసిన సొమ్ము. ఆ సంగతి ప్రభుత్వాలకు తెలియక కాదు. కేంద్ర ప్రభుత్వం, ప్రభుత్వరంగ సంస్థలు చిన్న యూనిట్లకు ఇవ్వాల్సిన బకాయిలను 45 రోజుల్లో తీరుస్తామని అదే మే 13న చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో పేరుకుపోయిన పాత ప్రోత్సాహక బకాయిలు 905 కోట్లు ‘రీస్టార్ట్’ పేరుతో చెల్లించేందుకు పూనుకున్నారు. మొదటి విడత 450 కోట్లు మే 22న విడుదలయ్యాయి. మూడు నెలల కరెంటు స్థిర చార్జీలూ మాఫీ చేశారు. నా లెక్కలో ఆ కాలపు మేలైన సాయం ఈ బకాయిల చెల్లింపే. కొత్త అప్పు నెత్తిన పెట్టకుండా, యూనిట్లకు హక్కుగా రావలసిన సొమ్మును చేతికిచ్చింది.

కోటి పరిమితి దీనికి సరిగ్గా ఎదురు నడిచింది. జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో నాలుగు లేత్ మిషన్లు పెట్టుకుని పెద్ద కంపెనీకి విడిభాగాలు చేసిచ్చే యజమానికి బ్యాంకులో అప్పుంటుంది, నిజమే. కానీ ఆ పెద్ద కంపెనీ ఆయనకు బాకీ. ముప్పై లక్షల బిల్లు నెలల తరబడి రాకపోతే, 2020కి ముందు ట్రైబ్యునల్‌కు వెళతానంటూ ఒక నోటీసు పంపగలిగేవాడు. వివాదం లేని బిల్లైతే ఆ నోటీసుకు అవతలివాళ్లు కదిలేవాళ్లు. కోటి గీత పడ్డాక ఆ నోటీసుకు విలువ పోయింది. చిన్నవాణ్ణి కాపాడాలని పెట్టిన నిబంధన పెద్ద బాకీదారుకు గొడుగైంది.

మిగతా దారులు లేకపోలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం ఒప్పందం ఎలా ఉన్నా సూక్ష్మ, చిన్న యూనిట్ల బిల్లు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ నెలవారీ చక్రవడ్డీగా పడుతుంది. ఆలోగా చెల్లించని బిల్లును కొనుగోలుదారు అదే ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోకుండా 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం అడ్డుకట్ట వేసింది. ఇవి అక్కరకొచ్చేవే. కానీ ట్రైబ్యునల్‌లో కేసు చేపడితే కంపెనీ పగ్గాలే యాజమాన్యం చేజారతాయి. ఆ భయం పుట్టించే శక్తి వీటికి లేదు.

మహమ్మారి కోసం పెట్టిన పరిమితి మహమ్మారితోనే పోవాల్సింది. కనీసం చిన్న సంస్థల నమోదు పోర్టల్ ‘ఉద్యమ్‌’లో నమోదైన సూక్ష్మ, చిన్న సరఫరాదారులకైనా దాన్ని పది లక్షలకు దించాలి. అందుకు పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. పెంచినట్టే, తగ్గించడానికీ కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు.