మాఘంలో ఒక పెళ్ళి, మార్గశిరంలో ఒక పెళ్ళి

మా మేనకోడలి వివాహం ఈ మాఘమాసంలో నిశ్చయమైంది. ఆమెకిది రెండవ పెళ్ళి. మొదటి భర్త పెళ్ళయిన మూడేళ్ళకే జబ్బుచేసి పోయాడు. ఆ తరువాతి ఆరేళ్ళు ఆ అమ్మాయి ఎలా వెళ్ళదీసిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఇప్పుడు వరుణ్ణి తానే ఎంచుకుంది. మా అందరికీ తానే చెప్పి ఒప్పించింది. మేనమామగా నాకు మిగిలింది ఒక్కటే, దగ్గరుండి పెళ్ళి జరిపించడం.

ఈ రోజుల్లో పెళ్ళి చేయించడానికి సంస్థలున్నాయి. డబ్బు కడితే పందిరి నుంచి పానకం దాకా వాళ్ళే చూసుకుంటారు. మేమూ ఒకచోటికి వెళ్ళాం. అక్కడి కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు, ఏవేవో పట్టికలు చూపించాడు. రెండవ పెళ్ళి అని తెలిశాక మాత్రం, "అయితే చిన్న ప్యాకేజీ సరిపోతుందండీ. ఎదుర్కోలు, బుట్ట, అప్పగింతలు తీసేద్దాం" అన్నాడు. అతణ్ణి తప్పు పట్టలేను. అంతకు వారం ముందే మా బంధువుల్లో ఒక పెద్దావిడ అదే మాట మరో రకంగా అన్నది. "గుళ్ళో దండలు మార్పించి నలుగురికీ భోజనం పెడితే సరిపోయె. మళ్ళీ ఈ సన్నాయిలూ బుట్టలూ ఎందుకురా అబ్బాయ్?"

మెట్లు దిగుతుంటే మా మేనకోడలు నా చేయి పట్టుకుని, "మామయ్యా, మన చేతులతో మనమే చేద్దాం. ఏదీ తీసెయ్యొద్దు" అన్నది.

ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకం తీశాను. ఎడమవైపు 'పని' అనీ, కుడివైపు 'ఎవరు' అనీ రాసుకున్నాను. ఎడమవైపు ఒక సాయంత్రంలో నిండిపోయింది. కుడివైపు దగ్గర కలం ఆగింది. మా తాతల నాటి పెళ్ళిళ్ళలో ఈ కుడివైపు గడులు ఎవరు నింపేవారన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

నిజానికి వాళ్ళకు రాసుకునే పనే లేదు. ఊరే ఆ పుస్తకం. పెళ్ళి కుదిరిందన్న కబురు అందితే చాలు, ఎవరి పనిలోకి వారు దిగేవారు. కుమ్మరి ఐరేని కుండలు తెచ్చేవాడు. మేదరి గంపలూ, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే బుట్టా అల్లేవాడు. వడ్రంగి పీటలు చేసేవాడు, కంసాలి మంగళసూత్రం చేసేవాడు. సన్నాయి, డోలు మంగలివారివి. దివిటీ పట్టడం, ఊరేగింపు దారిలో బట్టలు పరచడం చాకలివారి పని. తాటాకు పందిరికి ఇంటికొక మనిషి వచ్చేవాడు. వీరిలో చాలామందికి కూలి అప్పటికప్పుడు ఇచ్చేది కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేనాడు 'మేర' అని వారి వాటా వారికి ముట్టేది.

పెళ్ళిళ్ళు చలికాలంలో ఎక్కువగా జరగడానికి ఈ ధాన్యానికీ సంబంధం ఉంది. పంచాంగం లెక్క అందరికీ తెలిసిందే. మార్గశిరంలో ముహూర్తాలుంటాయి. సూర్యుడు ధనూరాశిలోకి వచ్చాక ఆగిపోతాయి. పుష్యం శూన్యమాసం. సంక్రాంతి వెళ్ళి మాఘం రాగానే మళ్ళీ బాజాలు మొదలవుతాయి. దీని పక్కనే పొలం లెక్క కూడా ఉంది. డెల్టాలో సార్వా పంట ఇంటికి చేరేది కూడా ఈ రోజుల్లోనే. గాదెలో గింజ, చేతిలో రూపాయి, కాస్త తీరికైన ఎద్దులు, బండ్లు నడవడానికి ఎండిన దారులు ఉంటాయి. గుమ్మడి, కంద, చిక్కుడు, వంకాయ పెరట్లోనే దొరుకుతాయి. బంతీ చామంతీ విరగబూస్తాయి. చేసిన అరిసెలు చెడిపోవు. అయిదురోజుల పెళ్ళికి వచ్చిన చుట్టాలకు పక్కలూ దుప్పట్లూ సమకూర్చడమొక్కటే ఈ కాలంలో కష్టం. అందుకూ ఇరుగుపొరుగు ఇళ్ళుండేవి.

ఇదంతా తలచుకుంటే ఎంత చక్కని ఏర్పాటో అనిపిస్తుంది. కానీ అడగకుండా వచ్చి పనిచేసే ఊరికి, అడిగినా రాననే అధికారం కూడా ఉండేది. దాని పేరు వెలి. నూట నలభై ఏళ్ళకు పూర్వం రాజమండ్రిలో ఒక చలికాలపు పెళ్ళికి ఊరు అలాగే రానన్నది. ఆ పెళ్ళి కథ మనలో చాలామంది పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా చదువుకున్నాం. చేతిలో ఈ నోటుపుస్తకం పెట్టుకుని మళ్ళీ చదివితే అది వేరుగా కనిపించింది.

1881 డిసెంబరు 11, ఆదివారం. మన లెక్కలో వృషనామ సంవత్సరం, మార్గశిర బహుళ పక్షం. ఆనాటి రాత్రి కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తమ ఇంట తొలి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, కృష్ణా జిల్లా తిరువూరు ప్రాంతపు బాలవితంతువు. కూతురికి మళ్ళీ పెళ్ళి చేయాలని కోరుకున్నది ఆ పిల్ల తల్లే. నాలుగు రోజులు తిరగకుండా, డిసెంబరు 15న, రెండవ వివాహం కూడా జరిగింది.

అప్పటికి చట్టం అడ్డు లేదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి ఫలితంగా 1856 జూలైలోనే వితంతు వివాహాలను చెల్లుబాటు చేసే చట్టం వచ్చింది. ఆ ఏడాదే డిసెంబరు 7న కలకత్తాలో, సుకియా వీధిలోని రాజకృష్ణ బందోపాధ్యాయ ఇంట, శ్రీశచంద్ర విద్యారత్నకూ కాళీమతీదేవికీ వివాహమయింది. అదీ చలికాలమే, వంగదేశపు అగ్రహాయణ మాసం. వీధిలో పోలీసులను నిలిపి ఆ పెళ్ళి చేయవలసి వచ్చింది. కలకత్తా పెళ్ళికీ రాజమండ్రి పెళ్ళికీ నడుమ ఇరవై అయిదేళ్ళ నాలుగు రోజులు గడిచాయి. చట్టం పుట్టిన పాతికేళ్ళకు గానీ తెలుగునాట దానికొక పెళ్ళిపందిరి దొరకలేదన్నమాట.

దొరకకపోవడానికి కారణం ధైర్యం లేకపోవడం ఒక్కటే కాదు, మనుషులు లేకపోవడం కూడా. పంతులుగారు అప్పుడు రాజమండ్రిలో తెలుగు పండితులుగా ఉద్యోగం చేస్తున్నారు. 1874లో స్థాపించిన 'వివేకవర్ధని' పత్రిక ఉంది. 1879లో వితంతు వివాహం గురించి ఆయన చేసిన ఉపన్యాసాలు ఊరిని కుదిపేశాయి. వాదంలో ఎదుటివారిని శాస్త్రప్రమాణాలతోనే ఎదుర్కొన్నారు. కానీ వాదంలో గెలిస్తే పొయ్యి వెలగదు కదా! పురోహితులు వెనుకాడారు. వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. బంధువులు ముఖం చాటుచేశారు. పెళ్ళికి సాయపడినవారినీ, వచ్చి భోజనం చేసినవారినీ వెలివేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. నా పుస్తకంలోని కుడివైపు గడులన్నీ ఆయనకు ఒకేసారి ఖాళీ అయిపోయాయి.

వాటిని ఎవరు నింపారో చూడండి. ధనానికి కాకినాడ వర్తక ప్రముఖులు పైడా రామకృష్ణయ్యగారు నిలిచారు. ఆయన అండ లేనిదే ఆ పెళ్ళి తలపెట్టడమే కష్టమయ్యేది. కాపలాకు పోలీసులు వచ్చారు. తిరగడానికీ, పట్టుకురావడానికీ, అల్లరిమూకకు అడ్డం నిలవడానికీ పంతులుగారి శిష్యులు, కళాశాల విద్యార్థులు ముందుకొచ్చారు. మిగిలినవి వంట, నీళ్ళు. ఈ రెండు గడుల్లోనూ ఒక్కటే పేరు, రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారి భార్య తానే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, తానే వండి వడ్డించారు.

ఈ సంగతి నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఇల్లాలి సహనానికి ఉదాహరణగా మా మాష్టారు చెప్పేవారు. ఇప్పుడు నోటుపుస్తకంలో 'నీళ్ళు' అన్న మాటకెదురుగా కూర్చుంటే అది సహనంగా తోచలేదు. పెళ్ళిలో నీళ్ళు లేకుండా జరిగేది ఏముంది? మంగళస్నానం, మడి, వంట, కాళ్ళు కడగడం, విస్తరి ముందు చేతికి పోయడం, అన్నీ నీళ్ళే. ఆ బిందె ఒడ్డుకు చేరకపోతే ఉపన్యాసాలూ చట్టమూ వాకిట్లోనే ఆగిపోయేవి. పందిట్లో మంత్రం ఎవరు చదివారన్నది చరిత్రకు ముఖ్యమే. గుండిగలో ఎసరు ఎవరు పోశారన్నదీ అంతే ముఖ్యం.

ఇంకొక సంగతి గమనించాను. పంతులుగారు ఆ పెళ్ళిని చాటుగా ముగించలేదు. ఏదో గుడిలో తెల్లవారకుండా దండలు మార్పించి ఉంటే బెడద కొంత తగ్గేదేమో. ఆయన శాస్త్రోక్తంగా, బంధుమిత్రులను పిలిచి, ఊరెరిగేటట్లు చేయించారు. ఎందుకంటే, వాదమంతా ఆ తంతు చుట్టూనే ఉంది. భర్త పోయిన పిల్లకు పెళ్ళి అనేది అసలు పెళ్ళేనా, కాదా? తంతులో ఒక్క ముక్క తగ్గించినా, ఇది తక్కువ పెళ్ళి అని తామే ఒప్పుకున్నట్లవుతుంది. 'చిన్న ప్యాకేజీ' అన్న మాట నన్నెందుకు అంతగా గుచ్చిందో నాకు అక్కడ బోధపడింది.

ఆ దంపతులు అక్కడితో ఆగలేదు. వారి జీవితకాలంలో దాదాపు నలభై వితంతు వివాహాలు జరిపించారని ప్రసిద్ధి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు, 1919లో పంతులుగారు కన్నుమూశారు. వారు ఎదిరించిన ఊరు మెల్లమెల్లగా మారింది. మేరలు పోయాయి, అయిదురోజుల పెళ్ళి ఒక్కపూటకు వచ్చింది, పందిరి కల్యాణమండపమైంది. ఊరు చేసే పని ఇప్పుడు సంస్థలు చేస్తున్నాయి. దీని గురించి వగచేవాళ్ళను చూశాను. నేను పూర్తిగా వగచలేను. కులాన్ని బట్టి పని పంచి, నచ్చకపోతే నీళ్ళు ఆపేసే ఊరికంటే డబ్బు తీసుకుని ఎవరి పెళ్ళయినా చేసే సంస్థ ఒక విధంగా మేలే. కాకపోతే ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో అన్న నిర్ణయం కూడా వాళ్ళకే అప్పగించడం మంచిది కాదు. అది మాత్రం మనమే చేసుకోవాలి.

అందుకని మా పుస్తకం మేమే నింపుకుంటున్నాం. ముహూర్తం రాత్రి పదిన్నరకు. మంచు కురుస్తుంది కనుక పందిరికి పైన తాటాకు, మూడు వైపులా టార్పాలిన్. పెద్దవాళ్ళకు సాయంత్రం ఏడింటికే ఫలహారం. చంటిపిల్లల తల్లులకు ఎదురింటివారి గది. వంటకు మా ఊరి వంటమేస్త్రి, ఆయన అడిగిన సామాను జాబితా నాలుగు పేజీలు. పిండివంటలు పది రోజుల ముందే. బంతిపూలు ముందురోజు సాయంత్రం పొలం నుంచే. సన్నాయి మేళానికి సంచకారం ఇచ్చాం. బుట్ట అల్లే మేదరి కోసం మూడూళ్ళు తిరిగాను. "మేనకోడలికా బాబూ? గట్టిగా అల్లుతాను, ఇప్పటి పిల్లలు బరువుంటారు" అన్నాడాయన. ఎన్నో పెళ్ళో ఆయన అడగలేదు.

కుడివైపున ఒక గడి చాలారోజులు ఖాళీగా ఉండిపోయింది. మంగళస్నానానికి నీళ్ళు తోడి పోయడం. అది ముత్తైదువలు చేసే పని. ఎవరిని పిలుద్దామని మా చెల్లెలు పేర్లు లెక్కపెడుతోంది. మా అమ్మ గుమ్మం పక్కన పీట మీద కూర్చుని వింటోంది. మా నాన్నగారు పోయి ఇరవై రెండేళ్ళు. అప్పటినుంచీ ఏ పెళ్ళిలోనూ అమ్మ పందిట్లోకి రాలేదు. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. అందులో నేనూ ఉన్నాను.

మా మేనకోడలు నా చేతిలోని కలం తీసుకుని ఆ గడిలో 'అమ్మమ్మ' అని రాసింది.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మాఘంలో తెల్లవారుజామున నీళ్ళు మంచులా ఉంటాయే తల్లీ. రాగి కాగు అటక మీద ఉంది, దింపించండి" అన్నది.