ముందు టైరు మీద నాలుగు అంకెలు

పొద్దున ఏడు కావస్తోంది. కామారెడ్డి జిల్లా రాజంపేట మీద కార్తీకం మంచు ఇంకా విడలేదు. మా వాకిట్లో వేపచెట్టు కింద బండి డబుల్ స్టాండు మీద నిలబడి ఉంది. రండి, ముందు చక్రం పక్కన గొంతుక్కూచోండి. నిలబడి చూస్తే చక్రమే కనిపిస్తుంది, టైరు కనిపించదు.

ఇది 2004 నాటి హీరో హోండా స్ప్లెండర్. నంబరు ప్లేటు ఏపీ 25తో మొదలవుతుంది, అంటే నిజామాబాద్ రిజిస్ట్రేషన్. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా వచ్చాక కొత్త బండ్లు 17 నంబరుతో దిగాయి గానీ మా బాపు బండికి పాత నంబరే ఉండిపోయింది. ఒక యాసంగి వడ్లు అమ్మిన పైసలతో కొన్నాడు. ఇప్పుడు బాపు లేడు. ఇంజను మాత్రం రెండో కిక్కుకే అందుకుంటుంది. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకు మరోసారి రిజిస్ట్రేషన్ కొత్తది చేయించాను. ఈ బండిని అమ్మే ఆలోచన లేదు.

వెనక టైరు మీద చెయ్యి పెట్టండి. నడుమ భాగం చదునైపోయింది. గట్ల మధ్య సందులో గోరు కూడా దిగడం లేదు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రెండు చక్రాల బండికి ఆ సందు లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇక్కడ అదీ లేదు. ఈ టైరు సంగతి తేలికే, గుండైపోయింది, మార్చాలి. చూసిన వాళ్లెవరైనా ఆ మాటే అంటారు.

నేను మిమ్మల్ని పిలిచింది ముందు టైరు కోసం. దీని గట్లు నిండుగా ఉన్నాయి, సందులో గోరు దిగుతోంది. ఊళ్లో ఎవరికి చూపించినా "ఇంకో రెండేండ్లు నడుస్తది" అంటారు. సెప్టెంబరు దాకా నేనూ అదే అన్నాను.

2025 ఆగస్టు 27న ఏం కురిసిందో ఈ మండలంలో ఎవరూ మరిచిపోరు. మా పక్క ఆర్గొండలో ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు పైగా పడింది. చెరువులు తెగాయి, తారు కొట్టుకుపోయింది, భిక్కనూరు–తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ తర్వాత మూడు వారాలకు ఒక సాయంత్రం చినుకుల్లో అమ్మను వెనక కూచోబెట్టుకుని కామారెడ్డి నుంచి వస్తున్నాను. ముప్పై దాటని వేగం. ముందు ఒక మేక అడ్డొస్తే రెండు బ్రేకులూ మెల్లగానే పట్టాను. ముందు చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్టు పక్కకు జారింది. రోడ్డు మీద బురద లేదు, ఇసుక లేదు, తడిసిన తారు తప్ప ఏమీ లేదు. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. అమ్మకు మణికట్టు విరిగింది. మొన్న మొన్ననే కట్టు విప్పారు.

"వానలో ఎవలన్న జారుతరు బిడ్డా" అంది అమ్మ. నన్ను ఊరడించడానికి అన్న మాట అది. మర్నాడు ఇదే చోట ఇలాగే కూచుని టైరును గుడ్డతో తుడిచాను.

ఇప్పుడు మీరు చూడండి. రిమ్ముకు దగ్గరగా టైరు పక్కభాగం మీద ఎండిన చెరువు అడుగులో పడ్డట్టు సన్నటి నెర్రెలు ఉన్నాయి. గట్టు మీద బొటనవేలి గోరు నొక్కండి. రబ్బరైతే గోరు కొంచెం దిగి, తీయగానే పూడుకోవాలి. ఇది దిగదు, ప్లాస్టిక్ చెప్పులాగా ఉంది. కొంచెం పక్కకు కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, అందులో నాలుగు అంకెలున్నాయి: 1118. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. అంటే 2018లో పదకొండో వారం, మార్చి నెల. నేను దీన్ని కొన్నది 2021లో. మూడేళ్లు దుకాణం అటక మీద పడి ఉన్న టైరును నల్లటి పాలిష్ పూసి కొత్తదని అమ్మారు. వంద రూపాయలు తగ్గించారని సంతోషపడి తెచ్చుకున్నాను. అప్పటికి నాకు ఈ అంకెలు చదవడం రాదు.

రబ్బరు ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. 1839లో చార్లెస్ గుడియర్ గంధకం కలిపి కాచి రబ్బరుకు గట్టిదనం తెచ్చాడు. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ తగులుతున్నకొద్దీ అదే గట్టిదనం మెల్లమెల్లగా మితిమీరుతుంది. రబ్బరును కాపాడేందుకు కలిపిన మైనాలు, నూనెలు ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వచ్చేస్తాయి. పొడిరోడ్డు మీద ఆ తేడా తెలియదు. తడిరోడ్డు మీద తారులోని గరుకును పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఒదగాలి. ఇది ఒదగదు. ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించాలనీ, పదేళ్లు దాటితే గట్లున్నా తీసేయాలనీ టైర్ల కంపెనీలే చెబుతాయి. మన వాకిళ్లలో బండి ఏడాది పొడుగునా ఎండలో నిలబడుతుంది కాబట్టి ఆ గడువును ఇంకా ముందుకు జరుపుకోవాలని నా అభిప్రాయం.

ఇక పదండి. రెండు టైర్లూ ఈ రోజే మారుస్తున్నాం. మీరు ఆటోలో రండి, ఈ టైర్ల మీద నేనొక్కడినే మెల్లగా పోతాను.

కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తా దాటేసరికి ఎండ ముదిరింది. సిరిసిల్ల రోడ్డు వైపు ఒక టైర్ల దుకాణం ముందు ఆపాను. లోపల కొత్త రబ్బరు వాసన గుప్పుమంటోంది. గోడ పొడుగునా టైర్లు గాజుల్లా వరసగా వేలాడుతున్నాయి. పనివాడు వచ్చి బండి చూశాడు, ముందు టైరును చేత్తో తట్టాడు.

"అన్నా, గిది బాగనే ఉన్నది గదా. ఎనకదొక్కటి మారిస్తే సాలు. పైసలెందుకు దండుగ?"

"గోరు పెట్టి చూడు తమ్మీ."

నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. "రాయి లెక్కైందే" అన్నాడు. తర్వాత మాట్లాడలేదు.

చాలామంది చేసే ఇంకో పని ఉంది. వెనక కొత్తది వేయించి, వెనకనుంచి తీసిన సగం అరిగిన టైరును ముందుకు తగిలిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, మలుపులో దారి చూపేదీ ముందు చక్రమే. వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునేంత సమయం దొరకదు. నాకైతే దొరకలేదు.

"ఏ సైజు ఇయ్యాలె?" అని అడుగుతున్నాడు. మీరు పాత టైరు మీదే చదవండి: 2.75-18. వెడల్పు రెండుముప్పావు అంగుళాలు, రిమ్ము పద్దెనిమిది అంగుళాలు. దాని పక్కన ముందు టైరు మీద 42పీ, వెనక టైరు మీద 48పీ అని ఉంటుంది. కొనేవాళ్లు చాలామంది వదిలేసే సంగతి ఇదే. 42 అంటే ఆ టైరు మోయగలిగేది 150 కిలోలు. 48 అంటే 180 కిలోలు. పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని, ఆ వేగం మన బండికి ఎలాగూ రాదు.

ఒక లెక్క వేద్దాం. బండి సుమారు 110 కిలోలు. నేను 70, అమ్మ 50. వచ్చేటప్పుడు యాభై కిలోల బియ్యం బస్తా వేసుకుంటే మొత్తం 280. అందులో మూడింట రెండు వంతులు వెనక చక్రం మీద పడతాయనుకుంటే సుమారు 187 కిలోలు. బరువు మోసే 48 టైరుకే అది మితిమీరిన బరువు. ఇక సైజు ఒకటే కదా అని ముందువైపు వేసే 42 టైరును వెనక బిగిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. ఈ లెక్క వేసుకున్నాక నేను బండి మీద బస్తా వేయడం మానేశాను. ఆటోకు పైసలు పోతే పోనీ.

"లావు టైరెయ్యన్నా, మస్తు కనిపిస్తది" అని పక్కనున్న కుర్రాడు సలహా ఇస్తున్నాడు. ముచ్చటగానే ఉంటుంది, కాదనను. ఈ బండి రిమ్ము వెడల్పు 1.60 అంగుళాలే, రిమ్ము మీదే గుద్ది ఉంటుంది. సన్నటి రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే పక్కలు లోపలికి నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతుంది. మలుపులో బండి వాలాల్సినట్టు వాలదు, వెనక చైనుకూ, చక్రాన్ని పట్టి ఉంచే చిమ్టాకూ ఒరుసుకునే ప్రమాదం కూడా ఉంది. పాత స్ప్లెండర్‌లో స్పీడు మీటరు కేబులు ముందు చక్రం నుంచే వస్తుంది కాబట్టి ముందు పెద్ద టైరు వేస్తే మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది.

ట్యూబ్‌లెస్ మాటా వచ్చింది. కొత్త స్ప్లెండర్లు అల్లాయ్ చక్రాలతో, 80/100-18 ట్యూబ్‌లెస్ టైర్లతో వస్తున్నాయి. మనవి స్పోకుల చక్రాలు. ప్రతి స్పోకూ రిమ్ములో ఒక బెజ్జం గుండా బిగుసుకుని ఉంటుంది. ట్యూబు లేకుండా గాలి పడితే ఆ బెజ్జాల్లోంచే పోతుంది. అందుకని ట్యూబు తప్పదు. ట్యూబు కూడా కొత్తదే తీసుకోవాలి. ఐదారు ప్యాచీలున్న పాత ట్యూబును కొత్త టైరులో పెట్టడం కొత్త గంపలో పాత గుడ్లు పెట్టినట్టే.

కంపెనీ ఏదైతే మంచిదని అడుగుతున్నారు కదా. ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్ మూడూ ఇక్కడ దొరుకుతాయి. ఎమ్మారెఫ్ అంటే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో పిల్లల బుడగలు చేసే షెడ్డుగా మొదలైంది. దాని ఫ్యాక్టరీ ఒకటి మనకు దగ్గర్లో సదాశివపేటలోనే ఉంది. సియట్ 1924లో ఇటలీలో పుట్టింది. వీటిలో ఏదైనా ఈ బండికి చాలు. ముందుకు నిలువు గీతల టైరు, వెనక్కు గట్ల టైరు, రెంటి మీదా ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. పోయినేడు తయారైన పేరున్న టైరు కంటే ఈ ఏడాది తయారైన సాదా టైరును నేను కోరుకుంటాను.

పనివాడు ఒకటి దించాడు. తిప్పి అంకెలు చూశాను: 0723. పక్కన పెట్టించాను. ఇంకోటి 4122. దాన్నీ వద్దన్నాను. "గట్ల ఎవ్వలూ సూడరన్నా" అని విసుక్కున్నాడు గానీ లోపలికి వెళ్లాడు. నిచ్చెన వేసిన చప్పుడు, అట్టముక్కలు జరిపిన చప్పుడు. దుమ్ము దులుపుకుంటూ రెండు టైర్లు తెచ్చాడు. ముందుది 3325. 2025లో ముప్పై మూడో వారం, అంటే ఆగస్టు నడుమ, మా ఊళ్లు మునగడానికి కొద్ది రోజుల ముందు తయారైంది. వెనకది 3025. గోరు నొక్కితే దిగి పూడుకుంది. రెండూ తీసుకున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లు రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి.

ఇప్పుడు బిగించే చోటికి వచ్చి నిలబడండి, టీకి పోకండి. చక్రం ఊడింది. రిమ్ము లోపల స్పోకు తలల మీద రబ్బరు పట్టీ చిరిగిపోయి ఉంది. దాన్ని మార్చమన్నాను. పది ఇరవై రూపాయల ఆ పట్టీ లేకపోతే స్పోకు తల ట్యూబును పొడుస్తుంది. టైరు పక్కన బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందా? ఉంది. ట్యూబులో కొంచెం గాలి పట్టి గుండ్రంగా చేశాకే లోపల సర్దాడు. లీవరు కింద ట్యూబు నలగకుండా ఉండేందుకు అది. మనిషి పనిమంతుడు. గాలి నిండాక రిమ్ము అంచు వెంట ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తున కనిపించాలి. ఒకచోట మునిగింది. చెబితే గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ పట్టాడు. టప్పుమని కూచుంది. ముందు 25, వెనక 28 పౌండ్లు, ఒక్కడినే పోయేటప్పుడు. వెనక మనిషి కూచుంటే వెనక చక్రానికి గాలి పెంచాలి.

తిరుగు దారి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో వాల్చకుండా, గట్టి బ్రేకు పట్టకుండా నడపాలి. రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు ఆరబోశారు. చుట్టూ రాళ్లు పేర్చారు. వడ్ల మీదికి ఎక్కితే ఏ టైరైనా జారుతుంది, అందుకే అక్కడ దిగి నడిపించుకొచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలో కూచుని ఎడమచేత్తో కుడి మణికట్టు పిసుక్కుంటోంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "రేపు దవఖానకు దీని మీదనే పోదాం" అంది.

మీ ఇంట్లో బండి ఉంటే ఈ సాయంత్రం ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని తడిగుడ్డతో టైరును తుడవండి. నాలుగు అంకెలు కనిపిస్తాయి. చివరి రెండు అంకెలు ఐదేళ్ల కిందటివైతే, ఆ టైరును చూపించేదాకా వెనక ఎవరినీ కూచోబెట్టుకోకండి.