పుట్టని కొడుకు కోసం రాసిన దస్తావేజు

వర్నీ కుటుంబానికి కాగితం పారేసే అలవాటు లేదు. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌లోని క్లేడన్ వాళ్ల ఊరు. అక్కడి ఇంట్లో భద్రంగా మిగిలిన ఉత్తరాలు 30,000కు పైనే. 17వ శతాబ్దంలో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగి ఆ దేశాన్ని కుదిపేసిన అంతర్యుద్ధం వాటిలో కనిపిస్తుంది, నిజమే. కానీ యుద్ధం కంటే ఎక్కువగా కనిపించేవి అప్పు, వడ్డీ, చెల్లెళ్ల కట్నాలు. భూస్వామి ఇంటి లోపలి బతుకు ఎలా ఉండేదో ఆ కాగితాలే చెబుతాయి.

ఇంటిపెద్ద సర్ ఎడ్మండ్ వర్నీ రాజుగారి జెండా మోసే మనిషి. 1642 అక్టోబర్ 23న ఎడ్జ్‌హిల్ యుద్ధంలో చనిపోయాడు. పెద్దకొడుకు రాల్ఫ్‌కు అప్పటికి 28 ఏళ్లు. భూములతో పాటు తండ్రి అప్పులు, ముగ్గురు తమ్ముళ్లు, పెళ్లి కావలసిన ఐదుగురు చెల్లెళ్లు అతని మీద పడ్డారు. చెల్లెళ్ల కట్నాలకు తండ్రి చూపించిన దారి బట్టల మీద వసూలయ్యే ఒక రాజాదాయం. యుద్ధం రాగానే అది ఎండిపోయింది. పొలాల శిస్తు సరిగా రావడం లేదు, అప్పులవాళ్లు ఆగడం లేదు.

రాల్ఫ్ తండ్రిలా రాజు పక్షం కాదు, పార్లమెంటు సభ్యుడు. అయినా పార్లమెంటు అడిగిన మతప్రమాణం చేయడానికి మనసొప్పక 1643లో ఫ్రాన్సు వెళ్లిపోయాడు. దాంతో ఆస్తి జప్తులోకి వెళ్లింది. దాన్ని విడిపించడానికి 1646 చివర్లో భార్య మేరీ ఒంటరిగా ఇంగ్లండు వచ్చింది. కడుపుతో ఉండి లండన్‌లో కమిటీల చుట్టూ తిరిగింది. అక్కడ పుట్టిన బిడ్డ కొన్ని నెలలకే పోయాడు. అదే సమయంలో ఫ్రాన్సులో ఉన్న కూతురూ పోయింది. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. రెండేళ్లకు ఫ్రాన్సులోని బ్లువా పట్టణంలో మేరీ కన్నుమూసింది. రాల్ఫ్ ఆమె దేహాన్ని క్లేడన్‌కు పంపించి అక్కడే పూడ్పించాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ ఆస్తిని నిలబెట్టింది ఆమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది ఒక్క ఇంటి కష్టం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో భూమి మొత్తం పెద్దకొడుక్కి వెళ్లేది. కానీ ఆ భూమి మీదే వితంతువైన తల్లి మనోవర్తి, కూతుళ్ల కట్నాలు, చిన్నకొడుకుల భత్యాలు నిలవాల్సి వచ్చేది. భూమి ఒక్కడిది, దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్లు పదిమంది. ఆ ఒక్కడు దుబారా మనిషైతే అందరూ మునుగుతారు. అతని చేతులు కట్టేస్తే అత్యవసరంలో అప్పు కూడా పుట్టదు. ఈ రెంటి మధ్య దారి వెతకడంలోనే కొత్త దస్తావేజు పుట్టింది.

అంతకుముందు ఉన్న కట్టడి చాలా పాతది. 1285 నాటి శాసనం ప్రకారం వంశానికి కట్టిన భూమిని అమ్మడానికి వీల్లేదు. లాయర్లు దానికి ఒక దొంగదారి కనిపెట్టారు. 1472 నాటి టాల్టరమ్ కేసు తర్వాత అది రాచబాట అయింది. కొనేవాడు ముందుగా కుదుర్చుకుని యజమాని మీద దావా వేస్తాడు. ఈ భూమి నాకు ఇచ్చిందీ, దీనికి పూచీ ఉన్నదీ ఫలానావాడని యజమాని మూడోమనిషిని చూపిస్తాడు. ఆ మూడోమనిషి కోర్టులో కేకలు వేసే బంట్రోతు. అతను మాట్లాడకుండా బయటికి వెళ్లిపోతాడు. దావా గెలిచినవాడికి భూమి, వారసుడికి బంట్రోతు మీద హక్కు! ఆ పేదవాడి దగ్గర వసూలు చేసుకోవడానికి సెంటు భూమి ఉండదని కోర్టుకూ తెలుసు. 361 ఏళ్ల పాటు, 1833లో రద్దయ్యేదాకా, ఈ నాటకం నడిచింది.

తాకట్టు సంగతి వేరుగా మారింది. పూర్వం గడువు రోజున బాకీ తీర్చకపోతే భూమి పోయినట్టే. 17వ శతాబ్దంలో చాన్సరీ కోర్టు ఆ కాఠిన్యాన్ని తగ్గించింది. గడువు దాటినా అసలు, వడ్డీ, ఖర్చులు కడితే భూమి విడిపించుకోవచ్చంది. వడ్డీ గరిష్ఠ పరిమితి కూడా 1624లో నూటికి 8, 1651లో 6 అయింది. ఆ కాలం నుంచి భూస్వామికి తాకట్టు అంటే మునక కాదు, ఊపిరి. కూతురి కట్నానికి పొలం అమ్మనక్కర్లేదు, తాకట్టు పెడితే చాలు.

ఇక దస్తావేజు. దీన్ని ఓర్లాండో బ్రిడ్జ్‌మన్, జెఫ్రీ పామర్ అనే ఇద్దరు లాయర్ల పేరు మీద చెబుతారు. ఇద్దరూ రాజు పక్షం. రాజు ఓడిపోయాక బ్రిడ్జ్‌మన్ గదిలో కూర్చుని దస్తావేజులు రాస్తూ బతికాడు. అతని దగ్గరికి వచ్చినవాళ్లది ఒకటే భయం: రేపు నన్ను ద్రోహి అంటే నా కొడుకు గతి ఏమిటి?

తండ్రికి బతికినన్నాళ్లు అనుభవించే హక్కు మాత్రం ఇచ్చి, ఆ తర్వాత భూమి అతనికి పుట్టబోయే పెద్దకొడుక్కి అని రాయవచ్చు. కానీ పుట్టనివాడి హక్కు తీగ లాంటిది, ముందున్న హక్కు అనే రాటను ఆనుకునే నిలుస్తుంది. తండ్రి భూమి అంతా తనదే అన్నట్టు బదలాయించినా, నేరం కింద హక్కు పోగొట్టుకున్నా, రాట కూలి తీగ కూడా నేలపాలవుతుంది. బ్రిడ్జ్‌మన్ చేసిందల్లా రెండో రాట పాతడం. తండ్రికీ పుట్టబోయే కొడుక్కీ మధ్య ట్రస్టీలకు ఒక హక్కు రాశాడు. తండ్రి హక్కు ముందే చెడితే ఆ క్షణమే ట్రస్టీల హక్కు మొదలై, తండ్రి చనిపోయేదాకా కొడుకు వాటాను కాపాడుతుంది. కట్నాల కోసం మరికొందరు ట్రస్టీలకు వందల ఏళ్ల గడువుతో కౌలు హక్కు రాసేవాళ్లు. అవసరమైతే దాన్ని తాకట్టు పెట్టి ఆడపిల్లల డబ్బు తెచ్చేవాళ్లు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది దీని తర్వాతి మెలిక. కొడుక్కి 21 ఏళ్లు నిండితే తండ్రితో కలిసి ఈ కట్టు విప్పవచ్చు. అప్పుడు కొడుక్కి చేతిలో డబ్బు లేదు, పెళ్లి కావాలి. తండ్రి ఏటా భత్యం ఇస్తానంటాడు. కొడుకు ఒప్పుకుని కొత్త దస్తావేజు మీద సంతకం పెట్టి, తనూ జీవితకాలపు అనుభవదారుగా మిగిలిపోతాడు. ప్రతి తరంలో ఇదే జరిగింది. మహా ఎస్టేట్ల యజమానులని లోకం అనుకున్నవాళ్లు చాలామంది, చట్టం దృష్టిలో కాపలాదారులే.

దీని భారం ఆడవాళ్ల మీదా పడింది. పాత న్యాయంలో వితంతువుకు భర్త భూముల్లో మూడోవంతు జీవితకాలం దక్కేది. దాని బదులు పెళ్లినాడే ఒప్పుకున్న మనోవర్తి వచ్చింది. శతాబ్దం చివరికి 1,000 పౌన్లు కట్నం తెచ్చిన వధువుకు ఏటా 100 పౌన్లు అనేది మామూలు లెక్క. కూతుళ్ల కట్నానికి భరోసా పెరిగింది, భార్య హక్కు తరిగింది.

మన వైపూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. భాగాలు కాని జమీందారీని ఆనవాయితీ అడ్డురాకపోతే జమీందారు ఇష్టప్రకారం ఇచ్చేయవచ్చని 1899లో పిఠాపురం కేసులో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఎస్టేట్లు చెదిరిపోతాయనే భయంతో మద్రాసు ప్రభుత్వం 1904లో చట్టం తెచ్చి, జమీందారు చేసే అమ్మకాలు, తాకట్లు సాధారణంగా అతని జీవితకాలం దాటి చెల్లకుండా చేసింది. క్లేడన్‌లోనూ పిఠాపురంలోనూ భయం ఒకటే.

ఇంగ్లండులో జీవితకాలపు హక్కుదారు భూమి అమ్ముకోవచ్చని 1882 చట్టం అనుమతించింది. 1997 జనవరి 1 నుంచి ఇలాంటి దస్తావేజు కొత్తగా రాయడానికి అక్కడ వీల్లేదు.