కాళేశ్వరం సంగమంలో విద్యార్థుల జీవశాస్త్ర ప్రాజెక్టులు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ మండలంలోని కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అంతర్వాహినిగా సరస్వతినీ కలుపుకొని భక్తులు దీన్ని త్రివేణి సంగమం అంటారు. జీవశాస్త్ర ప్రాజెక్టుకు మాత్రం పైకి కనిపించే రెండు నదులే చాలు. వార్ధా, వైన్‌గంగ కలిసి ఏర్పడిన ప్రాణహిత దాదాపు 113 కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరుతుంది. ఆ దారిలో దానికి పెద్ద ఆనకట్ట లేదు. గోదావరి అలా కాదు: శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, సుందిళ్ల, అన్నారం దాటుకొని వస్తుంది. కట్టలు నదిలోని జీవాలను ఎలా మారుస్తాయో అడగాలనుకునే పిల్లలకు పోలిక పక్కపక్కనే దొరికే చోటు ఇది.

1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కోరేది ఇలాంటి స్థానిక సమస్యలనే. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు టీచర్ మార్గదర్శకత్వంలో జట్టుగా పరిశోధన చేస్తారు. సైన్స్ ఫెయిర్లలో కనిపించే థర్మకోల్ గుండె నమూనా ముచ్చటగా ఉండొచ్చు కానీ, దానిలో తేల్చాల్సిన ప్రశ్న ఏదీ ఉండదు.

నీటి నమూనాలను కనీసం మూడు చోట్ల తీయాలి: సంగమానికి ఎగువన గోదావరిలో, ప్రాణహిత వైపు, రెండూ కలిసిన తరువాత దిగువన. మూడింటినీ ఒకే రోజు, దాదాపు ఒకే వేళకు తీయాలి. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పట్టుకుంటుంది. పొద్దున ఒక నదిలో, మధ్యాహ్నం ఇంకో నదిలో కొలిస్తే తేలేది ఎండ తేడాయే.

ఆక్సిజన్‌ను కొలవడానికి 1888 నాటి వింక్లర్ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. నీటిలో మాంగనస్ సల్ఫేట్, క్షారంతో కలిపిన అయోడైడ్ ద్రావణం వేస్తే ఆక్సిజన్ ఉన్నచోట గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత ఆమ్లం పోసి, పసుపురంగు తేలిన ద్రావణానికి హైపోను (సోడియం థయోసల్ఫేట్) చుక్కచుక్కగా కలుపుతారు. రంగు బాగా పలచబడ్డాక పిండి ద్రావణం వేస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం విరిగేదాకా పట్టిన హైపోను బట్టి లెక్క కడతారు. ఆమ్లాన్ని టీచరే పోయాలి.

దీనికి కొనసాగింపుగా 1927లో గార్డర్, గ్రాన్ రూపొందించిన వెలుగు–చీకటి సీసాల ప్రయోగం చేయవచ్చు. ఒకే నీటితో మూడు సీసాలు నింపి, ఒకదాన్ని వెంటనే పరీక్షించాలి. మిగతా రెండింటిలో ఒకదానికి నల్లగుడ్డ చుట్టి, రెండింటినీ కొన్ని గంటలు ఒకే లోతులో వేలాడదీయాలి. చీకటి సీసాలో తగ్గిన ఆక్సిజన్ జీవులు శ్వాసకు వాడుకున్నది. వెలుగు, చీకటి సీసాల మధ్య తేడా ప్లవకాలు కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసింది. బ్యారేజీ వెనుక నిలిచిన నీటికీ పారే నీటికీ ఈ అంకెలు వేరుగా ఉంటాయా అన్నది మంచి ప్రశ్న. సంగమానికి దిగువన 2019 జూన్‌లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగడంతో నీటిని వదిలేశారు. నిలిచిన నది మళ్లీ పారడం మొదలైన ఈ చోట ఏటా అదే నెలలో కొలతలు రాసిపెట్టుకుంటే ప్రాజెక్టుకు విలువ పెరుగుతుంది.

రసాయనాలు లేని బడికి పురుగులున్నాయి. ఇసుక కంటే రాళ్ల సందుల్లో వెతకడం మేలు. పొట్టకు ఇరువైపులా మొప్పలు, చాలావాటికి మూడు తోకపోగులు ఉండే మేఫ్లై పిల్లలు శుభ్రమైన నీటిని ఇష్టపడతాయి. ఎర్రటి కైరోనోమిడ్ లార్వాలే గుంపులుగా ఉంటే అక్కడ ఆక్సిజన్ తక్కువని అనుమానించాలి. వాటి ఎరుపు హీమోగ్లోబిన్ వల్ల వచ్చిందే. లెక్కపెట్టాక పురుగులను తిరిగి నీటిలోకే వదలాలి.

చేపల బజారులో పైసా ఖర్చు లేకుండా దొరికేవి పొలుసులు. బొచ్చె, రోహు పొలుసును గోరువెచ్చని నీళ్లలో కడిగి, రెండు గాజు పలకల మధ్య పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే వలయాలు కనిపిస్తాయి. అవి దగ్గరదగ్గరగా ఉన్నచోట ఎదుగుదల మందగించిందని అర్థం. చలిదేశాల చేపల్లోలాగా మన చేపల్లో ఒక్కో ఏటికి ఒక్కో గీత స్పష్టంగా పడదు కాబట్టి వయసు చెప్పడంలో తొందర కూడదు. పొలుసును ప్రతి చేపకూ ఒకే చోటి నుంచి, వెన్ను రెక్క కింద, తీస్తేనే పోలిక నిలుస్తుంది.

పిల్లలు నదిలోకి దిగకూడదు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు, ఎగువన గేట్లెత్తితే ప్రవాహం పెరుగుతుంది. పెద్దల తోడుతో ఘాట్ మెట్ల మీది నుంచి తాడుకు కట్టిన సీసాతో నీరు తీయాలి. ఎగువన శివ్వారం అభయారణ్యం మొసళ్లకు ఆవాసం. అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యాల్లో నమూనాలు సేకరించరాదు.