పంచె మీదికి కోటు ఉండాల్సిందేనా?

స్కాట్లండు వాళ్ళ కిల్టు చూసి "గళ్ళ లుంగీని మోకాళ్ళ దాకా కత్తిరించి కుట్టించినట్టుందే" అని మనవాళ్ళు నవ్వుతుంటారు. నవ్వండి గానీ, ఆ గళ్ళబట్టతో వాళ్ళు రాజుగారి విందుకి కూడా వెళ్ళగలరు. మరి మనం పంచె కట్టుకుని మామూలు సోమవారం ఆఫీసుకి వెళ్ళగలమా? ఎథ్నిక్ డే నాడు తప్ప?

కిల్టుకి ఆ హోదా పుట్టుకతో రాలేదు. 1745 తిరుగుబాటు తర్వాత 1746లో బ్రిటిష్ పార్లమెంటు దాన్ని నిషేధించింది, సైన్యంలో ఉన్నవాళ్ళకి తప్ప. 1782లో నిషేధం ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చి తనే కిల్టు కట్టుకుని దర్బారు చేశాడు. ఆ సంబరాలకి సూత్రధారి నవలా రచయిత వాల్టర్ స్కాట్. నేరమన్న బట్ట కాస్తా దర్బారు బట్ట అయిపోయింది!

ఇప్పుడు వాళ్ళ లెక్క ఏంటంటే, పగటి పెళ్ళికి ట్వీడు కోటు, రాత్రి విందుకి నల్ల పొట్టి కోటు, బో టై. కింద కిల్టు అదే. ఫార్మలా కాదా అన్నది పైబట్ట తేలుస్తుంది.

మనకి మాత్రం నియమాల్లేవా? నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం వైపు చూడండి. పనిలో లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గడతారు, పెద్దవాళ్ళు ఎదురైతే దించేస్తారు. అదే లుంగీతో ఎవరూ పెళ్ళిపీటల మీద కూర్చోరు. అక్కడ జరీ అంచు పంచె, భుజాన కండువా ఉండాలి. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, ఇదీ డ్రెస్ కోడే.

ఈ జిల్లాతో సంబంధమున్న ఇద్దరు ఉపరాష్ట్రపతుల్ని చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు ఇక్కడి ఊరిదే. 1952లో ఉపరాష్ట్రపతి అయ్యారు. పంచె మీద మెడ దాకా గుండీలున్న పొడుగాటి కోటు, తలపాగా.. అంటే కిల్టు పద్ధతే, కింద మనది, పైన దర్బారుది. చవటపాళెంలో పుట్టిన వెంకయ్యనాయుడు గారు 2017 నుంచి 2022 దాకా అదే పదవిలో ఉన్నారు. తెల్ల చొక్కా, తెల్ల పంచెతోనే రాజ్యసభ నడిపారు. కోటు అక్కర్లేకపోయింది.

ఈ ఇద్దరి మధ్యలో ఇంకో కథ ఉంది. 2014 జులైలో చెన్నై చేపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బులో పుస్తకావిష్కరణకి వెళ్ళిన హైకోర్టు జడ్జి హరిపరంధామన్ గారిని పంచె కట్టుకున్నారని లోపలికి రానివ్వలేదు. ఆగస్టులోనే తమిళనాడు అసెంబ్లీ, అలా ఆపితే ఏడాది దాకా జైలు, 25 వేల జరిమానా అని చట్టం చేసింది.

చట్టం తలుపు తెరిపిస్తుంది, అంతే. లోపలికెళ్ళాక గౌరవం రావాలంటే మనం దాన్ని వేషంలా కాకుండా బట్టలా కట్టుకోవాలి. ఎథ్నిక్ డే నాడు పంచె కట్టి, ఫోటోలు దిగి, మర్నాడు మడిచి పెట్టేస్తే అది ఫ్యాన్సీ డ్రెస్సే. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, మంచి చొక్కా, తోలు చెప్పులు. రాజ్యసభకి సరిపోయింది మన క్లయింట్ మీటింగుకి సరిపోదా? మీరే చెప్పండి.