యంత్రము కొన్నవానిది, తాళపుచెవి ఎవరిది?

భూమిని కొన్నవాడు అందు వరి నాటవలెనో, చెఱకు వేయవలెనో తానే నిర్ణయించుకొనును. అమ్మినవాడు మరల వచ్చి, తాను చెప్పిన పైరే వేయవలెనని శాసించినచో ఊరివారు సహింపరు. కంప్యూటరు విషయమున ఈ న్యాయము అంత సులభముగ చెల్లలేదు. కంప్యూటరునందు లెక్కలు చేయు భాగమును ప్రాసెసరు అందురు. దానిని, తెరను, మీటలను ఒక్క అదుపున నుంచి పని చేయించు ఆజ్ఞావళి ఆపరేటింగ్ సిస్టము. ఒడిలో పెట్టుకొని వ్రాసికొనదగిన ల్యాప్‌టాపులలో ఆర్మ్ అను జాతి ప్రాసెసరు గలవి కొన్ని కలవు. వానిపై బహిరంగమైన ఆపరేటింగ్ సిస్టమును నిత్యవ్యవహారమునకు నడుపుకొనుటకై జరిగిన యత్నముల చరిత్రను నేడు మనవి చేసెదను.

ఇంగ్లండు దేశమందలి కేంబ్రిడ్జిలో ఏకార్న్ అను కంపెనీ యుండెను. 1983వ సంవత్సరమున అందలి సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు కొలది ఆజ్ఞలతోనే శీఘ్రముగ పనిచేయు ప్రాసెసరు నొకదానిని సంకల్పించిరి. 1985 ఏప్రిల్ 26వ తేదీన తొలి చిప్పు చేతికి వచ్చి, ఆనాడే పనిచేసెను. అది ఎంత విద్యుత్తును గ్రహించునో కొలువబోగా కొలత సున్న యని చూపినదట. విచారింపగా చిప్పునకు విద్యుత్తు నందించు తీగయే కలుపబడలేదు. ఇతర తీగలనుండి జారివచ్చిన కొలది విద్యుత్తుతోడనే అది లెక్కలు కట్టుచుండెను! ఈ మితాహారగుణమే దానికి భాగ్యమైనది. తరువాతి కాలమున సెల్ ఫోనులన్నియు దాదాపుగ ఈ జాతి ప్రాసెసరులనే ధరించినవి. బ్యాటరీతో దినమంతయు గడుపవలసిన ల్యాప్‌టాపునకును అదియే తగినదని వర్తకులు గ్రహించుటకు చిరకాలము పట్టినది.

అదే 1983 సెప్టెంబరులో అమెరికాయందు రిచర్డ్ స్టాల్మన్ అనునతడు, యంత్రమును నడుపు ఆజ్ఞావళి ఎవరైనను చదువుటకు, దిద్దుటకు, పంచుటకు వీలుగ నుండవలెనని గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. అది ఇంటెల్ కంపెనీ ప్రాసెసరుకై వ్రాయబడినదే గాని, మూలము బహిరంగమగుటచే 1994లో ఇంగ్లండునకు చెందిన రస్సెల్ కింగ్ దానిని ఆర్మ్ జాతికి మార్చగలిగెను. ఎవరి అనుమతిని వేడవలసిన పని లేకపోయెను. డెబియన్ అను లినక్సు సంపుటి 2000వ సంవత్సరమునుండి ఆర్మ్ యంత్రములకును వెలువడుచున్నది. నేడు అందు పోతన, వేమనల పేర్లు గల తెలుగు అక్షరరూపములును చేరియున్నవి.

ఇంతటితో మార్గము తెఱచుకొన్నదని తోచును. కాని అసలు చిక్కు ప్రాసెసరునందు లేదు, దాని చుట్టునున్న భాగములయందు కలదు. ఇంటెల్ వంశపు యంత్రములను ఎవరు చేసినను ఒక ఉమ్మడి మాదిరిని అనుసరించిరి. మేల్కొనగనే యంత్రము తనలో ఏ భాగము ఎచట నున్నదో తానే చెప్పును. ఆర్మ్ యంత్రములకు అట్టి సంప్రదాయము లేకపోయెను. ఒకరు తెరను ఒకచోట కలుపుదురు, మఱియొకరు వేఱొకచోట. అడంగలు లేని గ్రామమునకు క్రొత్తగ వచ్చిన కరణమువలె లినక్సు దిక్కులు చూచెడిది. ప్రతి యంత్రమునకును ప్రత్యేకముగ ఆజ్ఞలు వ్రాసి కూర్చుచుండగా, 2011 మార్చిలో టోర్వాల్డ్స్ విసుగుచెంది గట్టిగ మందలించెను. పిమ్మట యంత్రభాగముల జాబితాను వేఱు పత్రముగ వ్రాయు ‘డివైస్ ట్రీ’ పద్ధతి ఆర్మ్ యంత్రములలో వ్యాపించెను. కరణము ఒక్కడే, అడంగళ్లు ఊరికొకటి.

అడంగలున్నను తలుపు తెఱువకున్నచో ప్రయోజనమేమి? 2012లో విండోస్ ఆర్.టి. తో అమ్మబడిన ఆర్మ్ యంత్రములలో, ఒప్పుకొనబడిన ముద్ర లేని ఆపరేటింగ్ సిస్టము మేల్కొనరాదని మైక్రోసాఫ్ట్ వారు నిబంధన పెట్టిరి. నాటి ఇంటెల్ యంత్రములలో ఆ కట్టడిని యజమాని తొలగించుకొనుటకు వీలుండెను; వీనిలో తొలగించుటకు వీలు లేకుండెను. ఇది దొంగ ఆజ్ఞావళులనుండి రక్షణ యని సమాధానము. రక్షణ మంచిదే, కాని ఇంటి తాళమునకు చెవి ఇంటివానియొద్ద నుండవలదా? దీనికి భిన్నముగ పైన్64 అను సంస్థ 2019లో పైన్‌బుక్ ప్రో అను ల్యాప్‌టాపును 199 డాలర్లకు లినక్సుతోడనే అమ్మెను. అది నెమ్మది యంత్రమే. వ్రాతకు, చదువునకు చాలును.

2020 నవంబరులో ఆపిల్ కంపెనీ ఎం1 అను స్వంత ఆర్మ్ ప్రాసెసరుతో ల్యాప్‌టాపులను వెలువరించెను. వాని వేగమును, బ్యాటరీ నిలుచు కాలమును లోకులు మెచ్చుకొనిరి. ఆ కంపెనీవారు తలుపు చెవిని యజమానికి విడిచిరి గాని, లోపలి అడంగలును ప్రకటింపలేదు. అంతట హెక్టర్ మార్టిన్ అనునతడు ఆసాహి లినక్స్ అను పేర ఒక బృందమును కూర్చెను. (జపాను భాషలో ఆసాహి యనగా ఉదయసూర్యుడు, అది ఒక ఆపిల్ పండ్ల జాతికిని పేరు.) వారు ఆపిల్ వారి ఆపరేటింగ్ సిస్టము క్రింద తమ చిన్న ఆజ్ఞావళిని కాపుంచి, పైనున్నది ఏ భాగమునకు ఎట్టి ఆజ్ఞ నిచ్చుచున్నదో ఒక్కొక్కటిగ వ్రాసికొనిరి. తెరపై బొమ్మలను చిత్రించు భాగపు మర్మములను అలిస్సా రోజెన్‌జ్వైగ్ అను నామె ఛేదించెను.

స్పీకర్ల కథ వినదగినది. ఆ చిన్న స్పీకర్లకు మితిమీరిన శబ్దము పంపినచో లోపలి తీగచుట్ట వేడెక్కి కాలిపోవును. ఆపిల్ వారి ఆజ్ఞావళి ఆ వేడిని లెక్కించి శబ్దమును తగ్గించుచుండును. ఆ లెక్క లేక పరుల యంత్రమును చెఱచుట ఇష్టములేని బృందమువారు, అట్టి కాపలాదారును తామే వ్రాసి ముగించువఱకు స్పీకర్లను మూగగనే యుంచిరి. ఇంతటి శ్రద్ధ అరుదు.

2022 జులై 31న టోర్వాల్డ్స్ లినక్సు 5.19వ కూర్పును ఆపిల్ వారి ఆర్మ్ ల్యాప్‌టాపుననే విడుదల చేసెను. 2023 డిసెంబరులో ఎం1, ఎం2 యంత్రములకై ఫెడోరా ఆసాహి రీమిక్స్ అను సంపుటి వెలువడెను. దానితో సామాన్యుడు ఉత్తరములు వ్రాసికొనవచ్చును, పాటలు వినవచ్చును, చలనచిత్రములు చూడవచ్చును. వేలిముద్రను గుర్తించు మీట మాత్రము అప్పటికి పనిచేయలేదు. 2025 ఫిబ్రవరిలో మార్టిన్ నాయకత్వమునుండి తప్పుకొనగా, మిగిలినవారు బరువును పంచుకొని పనిని సాగించిరి. ఈలోపున ఆపిల్ వారు ఎం3, ఎం4 అను క్రొత్త ప్రాసెసరులను విడుదల చేసిరి. వానికి మరల కొలతగొలుసు పట్టవలసివచ్చినది.